పదకొండో పొర

"అది నాలుక మేడమ్. ముమ్మాటికీ నాలుకే. లేసి తిరిగి సూస్తే నాకుతాంది!"

లింగమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ప్రయోగశాల గుమ్మంలోనే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళపాటు అనంతపురంలో ఆసుపత్రుల్లో, సినిమా హాళ్ళలో మరుగుదొడ్లు కడిగిన మనిషి. ఆమెకే కడుపులో తిప్పుతోందంటే ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. హేమావతి చేతిలోని గాజుపలక పక్కన పెట్టి నిట్టూర్చింది.

"నాలుక కాదు లింగమ్మక్కా, పొర. అది మనల్ని ఏమీ చేయదు."

"చేయదని నాకూ తెలుసు. కడుపుకు తెలియల్ల గదా!"

ఊరికి ఏడు కిలోమీటర్ల దూరాన, ఎర్రమట్టి దిబ్బల మధ్య ఉన్న నీటి పొదుపు పరిశోధన కేంద్రంలో హేమావతి శాస్త్రవేత్త. తొమ్మిదేళ్ళు కష్టపడి ఆమె పెంచింది ఆ పొరను. కోట్ల సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అల్లుకుని, అట్టు మందాన, లేత గులాబీ రంగులో మరుగుదొడ్డి తొట్టి లోపలి గోడను అంటిపెట్టుకుని బతుకుతాయి. మీద ఏది పడినా పొర అలలా కదిలి, తన మడతల్లోకి లాక్కుని, ఆరు గంటల్లో తినేస్తుంది. మామూలు దొడ్డిలో ఒక్కసారి మీట నొక్కితే పది లీటర్లు పోతాయి. దీనికి అర చెంబు చాలు, అది కూడా పొర ఎండిపోకుండా తడపడానికే.

అర చెంబు అన్న మాటకు ఆ ప్రాంతంలో ఎంత విలువో అక్కడ బతికినవాళ్ళకే తెలుస్తుంది. పన్నెండు వందల అడుగులు తవ్విన బోర్లు కూడా దుమ్ము కక్కుతున్నాయి. కేంద్రం వెనకాల ఉన్న పదహారు క్వార్టర్లకు రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. అది రాని రోజున ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని రోడ్డు మీద ఎదురుచూసేవాళ్ళు. అందుకే కొత్త దొడ్లను మొదట తమ క్వార్టర్లలోనే పెట్టి చూద్దామని హేమావతి పట్టుబట్టింది. తన ఇంట్లో, కింది వాటాలో ఉండే లింగమ్మ ఇంట్లో, మిగతా పద్నాలుగిళ్ళలో పెట్టారు. వంటింట్లో, స్నానాల గదిలో కుళాయిలు కూడా మార్చి, నీళ్ళు ధారగా కాకుండా తుంపరగా పడేవి బిగించారు.

తుంపర కుళాయిలకు అందరూ వారంలో అలవాటుపడ్డారు. దొడ్డికి మాత్రం ఎవరూ అలవాటుపడలేదు. పొర కదలడం చూసి కొందరు కళ్ళు మూసుకుని బయటికొచ్చారు. కొందరు దాని మీద రెండేసి బకెట్లు కుమ్మరించారు. హేమావతి భర్త తిప్పేస్వామి డ్రాయింగు మాస్టారు. ఆయన రోజూ గంట ముందే బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు, అక్కడి దొడ్డి పాతది కాబట్టి. పదేళ్ళ కూతురు ఉజ్వల బిగబట్టుకుని బిగబట్టుకుని కడుపునొప్పి తెచ్చుకుంది. నెలాఖరుకు మీటర్లు చూస్తే నీటి వాడకం పాత దొడ్ల కాలం కంటే ఎక్కువైంది.

"తొమ్మిదేళ్ళ పని, ఒక్క 'ఛీ' దగ్గర ఆగిపోయింది," అన్నాడు సంచాలకుడు పరాంకుశం, మీటర్ల పట్టీ చూస్తూ. కోపం లేని మనిషి, మాట మెత్తన. "మీ పొరలో లోపం లేదు హేమావతి గారూ. లోపం మనుషుల్లో ఉంది."

*

పదకొండో తొట్టి సంగతి బయటపడింది లింగమ్మ వల్లనే.

ప్రయోగశాల వెనక గదిలో పద్నాలుగు తొట్లు ఉండేవి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం పొర. పట్టణంలోని మురుగు నుంచి తెచ్చిన మేత వాటికి రోజూ వేయాలి. ఆ గదిలో అడుగు పెట్టేటప్పుడు లింగమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, వీలైనంత త్వరగా పని ముగించుకుని బయటపడేది. ఒక మధ్యాహ్నం హేమావతి ఆ గదిలోకి వెళ్ళేసరికి లింగమ్మ గుడ్డ లేకుండా, పదకొండో తొట్టి పక్కన నేల మీద కూర్చుని రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి తింటోంది. మేత వేసిన చెయ్యే. కడుక్కున్నట్టు లేదు.

"లింగమ్మక్కా! ఇక్కడ తింటావేమి?"

"యాడ తింటే ఏముండాది మేడమ్? ఈడ సల్లగుండాది."

"వాసన రావడం లేదా?"

లింగమ్మ గట్టిగా పీల్చి చూసింది. "వస్తాంది. దొడ్డి వాసన. అయితే ఏమి?"

హేమావతి మూడు వారాలు ఆ తొట్టి చుట్టూ తిరిగింది. పదకొండో రకం పొర గాల్లోకి ఒక ఆవిరిని వదులుతోంది. పచ్చి వేరుసెనక్కాయల వాసనలా ఉంటుంది, పట్టీపట్టనంత పలుచగా. అది ముక్కును మొద్దుబార్చదు. ముక్కు పట్టిన వాసన లోపల రోతగా మారే చోట అడ్డం నిలబడుతుంది. కంపు కంపని తెలుస్తూనే ఉంటుంది, ఒళ్ళు మాత్రం ముడుచుకోదు. నాలుగైదు రోజులు పీలిస్తే చాలు. దూరంగా ఉంటే ఆరేడు రోజుల్లో మళ్ళీ మామూలైపోతారు.

ఆమె ఆ కాగితాలు పరాంకుశం ముందు పెట్టింది, ఈ రకాన్ని నాశనం చేయాలేమో అన్న అనుమానంతో. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మనుషుల్ని ఒప్పించాల్సిన పనే లేదన్నమాట. దొడ్డే ఒప్పిస్తుంది."

"సార్, వాళ్ళకు చెప్పకుండానా?"

"చెబితే పీలుస్తారా? ఆలోచించండి. ఈ రోత మనకు ఏం చేసింది? లింగమ్మలాంటివాళ్ళను ముప్పై ఏళ్ళు దొడ్లలోకి తోసి, మనల్ని దూరంగా నిలబెట్టింది. ఎవరు కడగాలో, ఎవరు ముక్కు మూసుకోవాలో అదే పంచిపెట్టింది. అది పోతే నష్టమెవరికి?"

పదహారిళ్ళ దొడ్లలోనూ పాత పొర తీసి పదకొండో రకం పెట్టాలనుకున్నారు. క్వార్టర్లవాళ్ళు సంతకాలు చేయాల్సిన కాగితంలో 'మెరుగుపరిచిన పొర' అని మాత్రమే రాశారు. దాని కింద శాస్త్రవేత్తగా ఆమె కూడా సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు లోపల ఎక్కడో ఏదో గుచ్చుకోవాలి. ఏమీ గుచ్చుకోలేదు. మూడు వారాలుగా ఆమె పీలుస్తున్నది ఆ గది గాలినే.

*

ఆ తర్వాత రెండు నెలలు హాయిగా గడిచాయి. హేమావతి జీవితంలో అంత తేలికైన రోజులు లేవు.

బకెట్లు కుమ్మరించడం ఆగిపోయింది. తిప్పేస్వామి బడికి వేళకే వెళ్తున్నాడు. ట్యాంకరు వారానికొకసారి వస్తే చాలుతోంది. మనిషికి రోజుకు నూట ఇరవై లీటర్లు వాడిన ఇళ్ళల్లో ముప్పై సరిపోతున్నాయి. తర్వాత ఇరవై. పొర వల్ల అంత తగ్గుతుందని ఆమె లెక్క కట్టలేదు. స్నానాలు తగ్గాయి, గిన్నెలు కడగడం తగ్గింది, పక్కబట్టలు ఉతకడం తగ్గింది. అవన్నీ కూడా పొదుపు కిందే రాసుకుంది. దోసెల పిండి మీద బూజు లేస్తే గరిటెతో పక్కకు నెట్టి కింది పిండి పోసింది. మెట్ల కింద ఎలుక చచ్చి పడి ఉంటే పిల్లలు దాని చుట్టూ గీత గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడారు. ఆమె పైనుంచి చూసి నవ్వుకుంది.

జూన్ మొదట్లో ఉజ్వల సైకిలు గొలుసులో కాలు ఇరికించుకుంది. చిటికెన వేలు పక్కన చర్మం లేచింది. వారానికి అక్కడ పసుపుపచ్చగా చీము పట్టింది. ఈగలు వాలుతుంటే పిల్ల వాటిని తోలుకోకుండానే బొమ్మలు వేసుకుంటూ కూర్చునేది.

హైదరాబాదులో పెద్ద సదస్సు జరగబోతోంది. ఫలితాలు చెప్పమని హేమావతిని పిలిచారు. బయల్దేరే రోజు పొద్దున ఆమె ఉజ్వల పాదం ఒళ్ళో పెట్టుకుని చూసింది. వేలు ఉబ్బి, నల్లబడి, వాసనేస్తోంది. 'మానిపోతుందిలే' అనుకుంది. పాదం మీద ముద్దు పెట్టి బస్సెక్కింది.

*

సదస్సు బాగా జరిగింది. చప్పట్లు కొట్టారు. మూడు రాష్ట్రాలవాళ్ళు పొర కావాలని అడిగారు. ఆమె ఇంకొన్ని సమావేశాల కోసం అక్కడే ఆగిపోయింది.

ఏడో రోజు పొద్దున అతిథిగృహంలో నిద్ర లేవగానే గదిలో ఏదో కుళ్ళిన వాసన. కిటికీ తెరిచింది. పోలేదు. మంచం కింద చూసింది. ఏమీ లేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి తన సూట్‌కేసు దగ్గరికే వచ్చింది. మూత తీయగానే వెనక్కి పడబోయింది. చెమటతో అట్టలు కట్టిన జాకెట్లు, మరకలు పడిన లంగాలు, అట్లాగే మడతపెట్టి ఉన్నాయి. ఆ బట్టలే కట్టుకుని వేదిక ఎక్కింది. దగ్గరగా కూర్చున్నవాళ్ళు కుర్చీలు ఎందుకు జరుపుకున్నారో ఇప్పుడు తెలిసింది.

బట్టల మధ్యలో ఇంటి నుంచి తెచ్చుకున్న ఓళిగల డబ్బా. మూత తీసింది. పూర్ణం మీద ఆకుపచ్చ నూగు, అంచుల వెంట తెల్లని తీగలు. పైన ఉన్న ఓళిగ సగమే ఉంది. పంటి గాట్లు ఉన్నాయి. నిన్న సాయంత్రం టీతో పాటు తాను తిన్న సగం.

కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. అది అయిపోయాక పసరు, పసరు అయిపోయాక ఉత్త డోకులు. చన్నీళ్ళ కుళాయి కింద తల పెట్టుకుని ఉండగా, కళ్ళ ముందుకు ఆ పాదం వచ్చింది. ఉబ్బిన వేలు. నలుపు. దాని వాసన. తన పెదాలు.

ఫోన్ చేసింది. తిప్పేస్వామి ఉల్లాసంగా పలికాడు.

"ఉజ్వల కాలు ఎట్లుంది?"

"బాగానే ఉంది హేమా. కొంచెం కారతాంది, అంతే. నడవనంటాంది. జరం కూడా వస్తాంది గానీ ఆడుకుంటాంది."

"ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోండి. ఇప్పుడే!"

"ఎందుకట్ల అరుస్తావు? నువ్వు వచ్చినాక పోదాంలే."

వివరించడానికి ప్రయత్నించింది. ఆయనకు మాటలు అర్థమవుతున్నాయి, ఒక్కటీ తగలడం లేదు. ఫోన్ పెట్టేసి దొరికిన మొదటి బస్సు పట్టుకుంది.

*

ఆ సాయంత్రం క్వార్టర్ల గేటు దగ్గర ఆటో దిగేసరికే ఆటో అతను ముక్కు మూసుకున్నాడు. "ఏమ్మా, ఈడ ఏమన్నా గొడ్డు సచ్చిందా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

పద్నాలుగేళ్ళుగా ఉంటున్న ఇల్లు. గడప దాటుతుంటే చెప్పులు నేలకు అంటుకుని చప్పుడు చేశాయి. వంటింటి గట్టు మీద గిన్నెల్లో మిగిలిన అన్నం నీలంగా మారి ఉంది. తుంపర కుళాయి కింద తొట్లో నీళ్ళు నల్లగా నిలిచి, పైన పొర కట్టి, ఆ పొర మీద దోమలు లేస్తున్నాయి. తిప్పేస్వామి ఎదురొచ్చాడు. చొక్కా కాలరు మట్టిరంగులో ఉంది. గోళ్ళల్లో నలుపు. మూతి మీద ఎప్పటిదో పెరుగు ఎండి ఉంది. ఆప్యాయంగా చేతులు చాచాడు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషిని ఆమె రెండు చేతులతో నెట్టేసింది.

"ఏమైంది హేమా?" ఆయన కళ్ళల్లో నొప్పి నిజమైనదే.

ఉజ్వల చాప మీద పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కాలి మీద కప్పిన తువాలు తీసేసరికి హేమావతికి మళ్ళీ వాంతి వచ్చింది. మింగుకుంది. వేలు వేలుగా లేదు. నలుపు పాదం మధ్యదాకా పాకింది.

"అమ్మా, సూడు. నొక్కితే నీళ్ళొస్తాయి," అని పిల్ల నవ్వింది.

ఆమె కూతుర్ని ఎత్తుకుని మెట్లు దిగింది. కారు తీయమని వెనక్కి తిరిగి భర్త మీద అరిచింది. పిల్లను పట్టుకోవడానికి ఇంకొక మనిషి కావాలి. కింది వాటా తలుపు తెరిచే ఉంది. లింగమ్మను పిలుస్తూ లోపలికి చూసింది.

లింగమ్మ అన్న వన్నూరప్ప ఆరేళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. పక్షవాతంతో మాట, ఒళ్ళు రెండూ పడిపోయాయి. రోజుకు మూడుసార్లు ఒళ్ళు తుడిచి, రెండుసార్లు బట్టలు మార్చి, గంటకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టేది లింగమ్మ. "మా అన్న మంచం కాడ ముక్కు మూసుకున్యోళ్ళు ఒగరు గూడా లేరు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆమెకు ఉన్న గొప్ప అదొక్కటే.

ఇప్పుడు మంచం మీద ఈగలు ముసిరి, దుప్పటి నల్లగా కదులుతోంది. లింగమ్మ మంచం పట్టె మీద కూర్చుని, సంగటి పలుచగా కలిపి, వేలితో అన్న నోట్లో పెడుతోంది. మురిపెంగా, పసివాడికి పెట్టినట్టు. వన్నూరప్ప కళ్ళు తెరిచే ఉన్నాయి.

మంచం గుమ్మం పక్కనే ఉంది. హేమావతి పిల్లను భుజాన వేసుకుని, చేయి చాచి దుప్పటి అంచు ఎత్తింది. నడుము కింద అరచేయంత గుంట. గుంట లోపల తెల్లగా మెదులుతున్నాయి.

"అవా? పది దినాల నుంచి ఉండాయి మేడమ్," అంది లింగమ్మ నెమ్మదిగా. "తీసేస్తాండా, మళ్ళా వస్తాండాయి. వాటి పాటికి అవి ఉండనీ అని ఇడిసిపెట్టినా."

ఈసారి హేమావతి వల్ల కాలేదు. కూతుర్ని గోడకు ఆనించి గుమ్మం పక్కన కక్కుకుంది. లింగమ్మ పరుగున వచ్చి, సంగటి అంటిన చేత్తోనే ఆమె వీపు నిమిరింది.

"అయ్యో, ఏం తిన్యావు మేడమ్? నీళ్ళు తేనా?"

*

ఆసుపత్రిలో ఉజ్వలనూ వన్నూరప్పనూ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. వన్నూరప్ప గాయం కడిగిన నర్సు మధ్యలో లేచి బయటికి వెళ్ళి, కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. డాక్టరు హేమావతినీ తిప్పేస్వామినీ పైనుంచి కిందికి చూశాడు.

"చదువుకున్నవాళ్ళేనా మీరు? ఇంట్లో మనుషులు బతుకుతున్నారా, ఇంకేమన్నా బతుకుతోందా?"

ఉజ్వలకు చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం దక్కింది. వన్నూరప్ప మూడో రోజు పోయాడు. లింగమ్మ ఏడ్చింది. అన్న పోయినందుకు ఏడ్చింది, ఎట్లా పోయాడన్నది ఇంకా ఆమెకు తగల్లేదు.

అదే రోజు హేమావతి పరాంకుశం గదిలోకి వెళ్ళింది. ఆయన ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ముఖంలో నిజంగానే బాధ ఉంది.

"ఘోరం జరిగింది. కాదనను. ఆవిరి మోతాదు తగ్గిస్తే సరిపోతుందని నా ఉద్దేశం. కానీ మనిషికి ఇరవై లీటర్లు, హేమావతి గారూ! ఇరవై! ఈ ఒక్క జిల్లాలో ఎన్ని ఊళ్ళు..."

"సార్, పట్నంలో మీ ఇంట్లో ఈ దొడ్డి ఎందుకు పెట్టుకోలేదు?"

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "మా ఆవిడ ఒప్పుకోలేదు."

"ఆమెకు చెప్పారన్నమాట."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. హేమావతి ఆ తెల్లని చేతుల వైపు, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళ వైపు చూసింది. చీము చూసినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. ఆ రోతలో సగం ఆయన మీద కాదు. కాగితం కింద ఆయన సంతకం పక్కన తన సంతకం ఉంది. పదకొండో తొట్టి గాలి పీల్చాను కాబట్టి తెలియలేదు అని తనకు తాను చెప్పుకోవచ్చు. కానీ ఆ కాగితాలు ఆయన ముందు పెట్టిన రోజున అనుమానం వచ్చింది కదా, 'చెప్పకుండానా' అని అడిగింది కదా. అడిగి ఊరుకుంది.

సాయంత్రం లోపు ఆమె బ్లీచింగు పౌడరు బస్తా మోసుకుని ప్రయోగశాల వెనక గదిలోకి వెళ్ళింది. పద్నాలుగు తొట్లలోనూ పోసింది. పొరలు ముడుచుకుని, బుడగలు కక్కి, తెల్లబడి చచ్చిపోయాయి. తర్వాత క్వార్టర్లకు వెళ్ళి ఒక్కో తలుపూ తట్టి జరిగింది చెప్పింది. దాచకుండా చెప్పింది, కాగితంలో ఏం రాయలేదో కూడా.

ఎవరికీ కోపం రాలేదు. అదే భయంకరంగా ఉంది.

"దాన్ని సంపుతే మళ్ళా నీళ్ళు యాడ నుంచి తేవల్ల?" అని అడిగింది మూడో ఇంటామె, చంకలో బిడ్డతో. బిడ్డ గుడ్డలు తడిసి కారుతున్నాయి. "మాకు బాగనే ఉండాది మేడమ్. మళ్ళా బిందెలెత్తుకొని రోడ్డు మీద నిలబడమంటావా?"

ఆమె అడిగింది తప్పు ప్రశ్న కాదు. హేమావతి తల వంచుకుని లోపలికి వెళ్ళి, పొర మీద పౌడరు కుమ్మరించి బయటికొచ్చింది. పదహారిళ్ళు అయ్యేసరికి చేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు జిల్లా ఆరోగ్య అధికారికి అంతా రాసి ఇచ్చింది, తన పేరుతో మొదలుపెట్టి. నెల తిరగకుండా కేంద్రానికి తాళం వేశారు. పరాంకుశాన్ని, ఆమెను విచారణకు పిలిచారు.

*

ఉజ్వలకు ఆసుపత్రిలోనే తెలివి వచ్చింది. క్వార్టర్ల గాలికి దూరంగా ఉన్న ఆరో రోజు నర్సు కట్టు విప్పుతుంటే పిల్ల ఒక్కసారిగా తన పాదం వైపు చూసుకుంది.

"ఛీ!" అని అరిచింది. "ఛీ, ఛీ! తీసెయ్యండి, నాది కాదు అది!"

మంచం పక్కకు వంగి వాంతి చేసుకుంది. ఎన్నాళ్ళ నుంచో వినని ఆ మాట విని హేమావతికి కన్నీళ్ళు ఆగలేదు. కూతురి తల పట్టుకుని, మూతి తుడిచి, "అంతే అమ్మా, అంతే, వచ్చేసింది నీకు" అని గొణిగింది.

పిల్ల నెమ్మదిగా తేరుకుంది. దుప్పటిని గడ్డం దాకా లాక్కుని తల్లిని పరీక్షగా చూసింది.

"నువ్వు సూసినావు గదా అమ్మా. ఊరికి పోయే రోజు సూసినావు. ముద్దు గూడా పెట్టినావు."

"అవును."

"సూసి పోయినావు."

హేమావతి చేయి చాచింది. పిల్ల పాదాన్ని వెనక్కి లాక్కుంది. "ముట్టుకోవద్దు. నాన్ననూ ముట్టుకోవద్దని సెప్పు. ఆ నర్సు వస్తాది."

క్వార్టర్లలో ఆ తెలివి ఒకే ఉదయం అందరికీ వచ్చింది. ఒక ఇంట్లో నుంచి వాంతి చప్పుడు, ఇంకో ఇంట్లో నుంచి ఏడుపు, ఎవరో పక్కబట్టలను ఆవరణలో కుప్పపోసి నిప్పంటించారు. తిప్పేస్వామి చీలమండల దాకా నీళ్ళలో నిలబడి వంటిల్లు రుద్దాడు. ఆ తర్వాత ఒళ్ళు రుద్దుకున్నాడు, చర్మం చిట్లేదాకా.

లింగమ్మ అరుపు ఆ రోజు రోడ్డు దాకా వినిపించింది. అన్న పోయిన వారానికి ఆమెకు అన్న ఎట్లా పోయాడో తగిలింది. ఖాళీ మంచం ముందు కూలబడి, తన వేళ్ళను నేలకేసి రాసుకుంటూ, సంగటి పెట్టిన ఆ వేళ్ళను రాసుకుంటూ, "పురుగులమ్మా, పురుగులు! నా కండ్లతో సూసినా, నా సేత్తో పెట్టినా!" అని అరిచింది. ఎవరు దగ్గరికి వెళ్ళినా తోసేసింది.

*

పొరలు పోయాక పాత దొడ్లే మళ్ళీ వచ్చాయి. మీట నొక్కితే పది లీటర్లు. దానికి తోడు ఇప్పుడు ఎవరికీ ఎంత కడిగినా తృప్తి లేదు. కడిగిన గిన్నె మళ్ళీ కడుగుతారు, ఉతికిన బట్ట మళ్ళీ ఉతుకుతారు. రోజూ వచ్చే ట్యాంకరు కూడా చాలడం లేదు. బిందెలు మళ్ళీ రోడ్డెక్కాయి.

ఉద్యోగం పోయిన హేమావతి ఒక సంచీ, ఒక రెంచి పట్టుకుని బయల్దేరింది. మూడు లీటర్లతో పని జరిగే చిన్న ఫ్లష్ తొట్లు ఎప్పటి నుంచో బజారులో ఉన్నాయి. అందులో కొత్తేమీ లేదు, బతికేదేమీ లేదు. ఉత్త ప్లాస్టిక్కు, రబ్బరు. ఆమె ఒక్కో ఇంటికీ వెళ్ళి పాత తొట్టి విప్పి అది బిగించేది. కారే కుళాయికి వాషరు మార్చేది. గడియకు కారే చుక్కలు గ్లాసులో పట్టి చూపించి, ఇంత పోతోందని చెప్పేది. మొదట్లో కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్ళు పని అయ్యేదాకా పక్కనే నిలబడి, ఆమె దేన్ని ముట్టుకుంటుందో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. కాఫీ తాగమని ఎవరూ అనలేదు. ఆమె కూడా ఆశించలేదు.

లింగమ్మ ఇంటికి అన్నిటికంటే చివర వెళ్ళింది. తలుపు తీసే ఉంది. మంచం లేదు. అది ఉన్న చోట నేల గచ్చు రుద్ది రుద్ది తెల్లబడింది. లింగమ్మ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

హేమావతి గంటసేపు దొడ్లో పని చేసింది. తర్వాత వంటింటి కుళాయి కింద కూర్చుని, మరలు విప్పి, అరిగిన వాషరు తీసి కొత్తది వేసింది. కుళాయి తిప్పి కట్టేసి చూసింది. చుక్క రాలేదు.

"లింగమ్మక్కా, అయిపోయింది. ఇంక కారదు."

"అయిపోతే పో."

చాలా మాటలు తయారుచేసుకుని వచ్చింది హేమావతి. దోవ పొడవునా కూడబలుక్కుంది. సంచీ సర్దుకుని గడప దాటింది.

వెనకాల బకెట్ నేలకు తగిలిన చప్పుడైంది. తిరిగి చూసింది. లింగమ్మ కుళాయి కింద, ఆమె కూర్చున్న చోట నీళ్ళు కుమ్మరించి చీపురుతో రుద్దుతోంది. అక్కడి నుంచి నడిచిన మేరంతా కడుక్కుంటూ గదిలోకి, గదిలోంచి గుమ్మానికి వచ్చింది. రెండో బకెట్ గడప మీద పోసింది. నీళ్ళు మెట్టు మీదుగా జారి హేమావతి చెప్పుల్ని తడిపాయి.

ఊరందరి దొడ్లూ కడిగిన మనిషి, ఎప్పుడూ ఎవరి వైపూ అట్లా చూడని మనిషి, బకెట్ పట్టుకుని ఆమె వైపు చూసింది.

"జరుగు," అంది. "నువ్వు నిలబడిన కాడ గూడా కడగల్ల."

హేమావతి జరిగింది.